ప్రయత్నానికి ఇన్ని ముద్దుపేర్లా!

ఇంగ్లీషులో ‘ట్రై’ అనే మాట ఉండనే ఉంది. అయినా ఆ భాషకు దానితో తనివి తీరలేదు. ‘హ్యావ్ ఎ గో’ అంటుంది, ‘గివ్ ఇట్ ఎ షాట్’ అంటుంది, ‘హ్యావ్ ఎ స్టాబ్’, ‘గివ్ ఇట్ ఎ వర్ల్’ అంటుంది. ఒకదాంట్లో తుపాకి పేలుతుంది, ఒకదాంట్లో కత్తి దిగుతుంది, ఇంకోటి గిరగిరా తిరుగుతుంది. ఎంత చురుకు! నన్ను కట్టిపడేసేది మాత్రం వాటి మధ్య నిలబడ్డ ‘ఎ’ అనే ఒంటి అక్షరం. ఒక్కసారి, అంతే. తగిలితే తగిలింది, లేకపోతే పోయింది; పరువు పణం పెట్టక్కర్లేదు. చేసే పనిని గుప్పిట్లో పట్టే పటికబెల్లం పలుకులా మార్చేశారు. చేతికందే వస్తువయ్యాక ఇచ్చిపుచ్చుకోవడం ఎంతసేపు? ప్రయత్నించేవాడు తీసుకునేదీ ‘గో’నే, అవకాశమిచ్చేవాడు చేతిలో పెట్టేదీ ‘గో’నే. మన తెలుగు ప్రయత్నించే పనంతా కంటికి అప్పగించింది: అడిగి చూడు, తిని చూడు, ఇల్లు కట్టి చూడు.

పోటీకి దిగుతున్నానని చాటే ‘బరిలోకి టోపీ విసరడం’ అనే ఇంగ్లీషు జాతీయం మరీ సొగసైనది. 19వ శతాబ్దం తొలినాళ్లలో ఇంగ్లండులో పందెపు ముష్టియుద్ధాలు జరిగేవి. చుట్టూ జనం, కేకలు. ‘నేనొస్తా’ అని అరిస్తే ఎవరికి వినబడుతుంది? అందుకే తలపడదలచినవాడు తలమీది టోపీ తీసి బరిలోకి విసిరేవాడు. టోపీ వెళ్లిపోయాక మనిషి వెనక్కి తగ్గేదెలా? 1912లో థియోడర్ రూజ్‌వెల్ట్ మళ్లీ అమెరికా అధ్యక్ష పదవికి పోటీపడుతూ ఈ మాటే వాడాడు. ఆయన ఓడాడు, మాట నిలిచింది. ‘ఎన్నికల బరి’ అని రోజూ చదివే మనకు ఆ బొమ్మ ఇట్టే కళ్లకు కడుతుంది.

ఇక ఎదుటివాడికి అవకాశమిచ్చే మాటలు. సందేహముంటే అతని వైపే మొగ్గమనే ‘బెనిఫిట్ ఆఫ్ ద డౌట్’ది కోర్టు గాంభీర్యం. క్రికెట్ పుణ్యమా అని అది మన కుర్రాళ్ల నోటికీ ఎక్కింది.

నా మనసంతా మాత్రం చేయూతనివ్వడాన్ని చెప్పే ‘గివ్ ఎ లెగ్ అప్’ మీదే. గుర్రం ఎత్తు. రౌతు జీను పట్టుకుని ఎడమ మోకాలు మడుస్తాడు. పక్కవాడు వంగి ఆ కాలి కింద చేయి వేస్తాడు. ఒకే లెక్కకు వాడు ఎగరాలి, వీడు లేపాలి. లయ తప్పితే ఇద్దరూ తడబడతారు. ఎక్కేవాడు బరువంతా వదిలేస్తే ఎంత బలమున్నవాడూ ఎత్తలేడు. సాయం పొందేవాడి ఎగురుకు కూడా చోటిచ్చిన ఆ మాటలో జాలి వాసనే లేదు.