ట్రాన్స్‌ఫార్మరు పాఠములో విడిచిన సగము

ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరపు భౌతికశాస్త్రములో ట్రాన్స్‌ఫార్మరు పాఠము చక్కగానే మొదలగును. చుట్ల నిష్పత్తి ఎంతో వోల్టేజి నిష్పత్తియు అంతే. శక్తి నష్టములు నాలుగు, వాటిని తగ్గించు ఉపాయములు నాలుగు. ఇంతవరకు తప్పు పట్టవలసినది లేదు. కాని పాఠము వల్లించిన విద్యార్థిని "ఈ పనికి ఎంత ట్రాన్స్‌ఫార్మరు కావలెను?" అని అడిగినచో సమాధానము రాదు. ఇది చిన్న లోపము కాదు.

గిటారు ఆంప్లిఫయరునే ఉదాహరణగా తీసికొందము. ట్రాన్సిస్టర్లు వచ్చి ఎంత కాలమైనను, గిటారు వాద్యకారులు పలువురు నేటికిని వాల్వుల నాదమునే కోరుదురు. రెండు 6వి6 వాల్వులు, రెండు 12ఏఎక్స్7 వాల్వులు, ఒక 5వై3 రెక్టిఫయరు గల చిన్న ఆంప్లిఫయరు లౌడుస్పీకరుకు సుమారు 12 వాట్లు మాత్రమే అందించును. మరి దానికి కావలసినదెంత?

6వి6 హీటరు ఒక్కొక్కటి 0.45 ఆంపియరు, 12ఏఎక్స్7 హీటరు ఒక్కొక్కటి 0.3 ఆంపియరు తీసికొనును. మొత్తము 1.5 ఆంపియర్లు, 6.3 వోల్టుల వద్ద దాదాపు 9.5 వాట్లు. 5వై3 ఫిలమెంటుకు 5 వోల్టుల వద్ద 2 ఆంపియర్లు, అనగా 10 వాట్లు. ప్లేట్లకు 350 వోల్టుల వద్ద 90 మిల్లీఆంపియర్లు అనుకొన్నచో 31.5 వాట్లు. అన్నియు కలిపి 51 వాట్లు.

అయితే 51 వాట్ల ట్రాన్స్‌ఫార్మరు చాలునా? చాలదు. రెక్టిఫయరు వెనుకనున్న కెపాసిటరు ప్రతి అల శిఖరము వద్ద కొద్దిసేపు మాత్రమే, పెద్ద మొత్తములో కరెంటును లాగుకొనును. తీగ వేడి కరెంటు వర్గమును అనుసరించును గనుక, సగటు కరెంటు మారకున్నను తీగ ఎక్కువగా కాగును. కావున ఆ 31.5 వాట్లకు ఇంచుమించు రెండింతలు కేటాయించి, మొత్తము 80 వోల్టు-ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మరు ఎన్నుకొనుట క్షేమము.

రెండవ లోపము పౌనఃపున్యమును గూర్చినది. అమెరికాలో సరఫరా 120 వోల్టులు, 60 హెర్ట్జులు. మనకు 230 వోల్టులు, 50 హెర్ట్జులు. అచ్చటి ఆంప్లిఫయరును తెచ్చి, 2:1 ట్రాన్స్‌ఫార్మరుతో 115 వోల్టులకు దించిన, పాఠము ప్రకారము చిక్కు తీరినట్లే. కాని పౌనఃపున్యము తగ్గిన అదే వోల్టేజికి అయస్కాంత అభివాహము పెరుగవలెను. లెక్క వేసిన, ఇచ్చట 15 శాతము పెరుగును. ఇనుము పొదుపుగా వాడినదైనచో అది సంతృప్తతకు చేరి, ట్రాన్స్‌ఫార్మరు వేడెక్కి కాలిపోవచ్చును. 50 హెర్ట్జులకును తగినదని పేరుపలకపై ఉన్నవానికి ఈ భయము లేదు.

విచిత్రమేమనగా, అభివాహము మారు రేటే వోల్టేజియను సూత్రము ఆ పాఠములోనే ఉన్నది. అచ్చటినుండి ఇంకొక్క అడుగు వేసిన చాలును.

మెదకు చెంత హవేలిఘనపూర్‌లోని జిల్లా విద్యా శిక్షణ సంస్థ వంటి చోట్ల ఉపాధ్యాయులచే ఈ లెక్కను చేయించవచ్చును. కాగితముపైననే చేయింపవలెను, స్విచ్చి ఆపిన తరువాతను కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజి నిలిచియుండును. నిష్పత్తి లెక్కలు పది చేయించుట కంటె ఇట్టిది ఒకటి చేయించుట మేలు.