నీళ్లు ఆపాల్సిన కాలం

శ్రీనగర్‌లో జబర్వాన్ కొండల కింద 2007లో తెరిచిన తులిప్ తోటకు శరత్తు నాట్ల కాలం. అక్టోబరు, నవంబరులో దుంపలు పాతేస్తారు, తర్వాత మంచు కమ్ముతుంది. పువ్వు మొగ్గ అప్పటికే దుంప లోపల తయారై ఉంటుంది. దాన్ని పైకెత్తే కాడ సాగాలంటే మాత్రం మట్టిలో మూడు నెలలకు పైగా చలి తగలాలి. ఆ తోట ఫొటోలు చూసి ముచ్చటపడి మనవాళ్లు కూడా తులిప్ దుంపలు తెప్పించుకుంటున్నారు. కానీ మన కృష్ణా డెల్టాలోని కంకిపాడులో పుష్యమాసపు రాత్రి చలి కూడా పల్చటి దుప్పటికి ఆగిపోతుంది. ఆ దుంప నాలుగు ఆకులు వేసి ఊరుకుంటుంది.

అలాగని కృష్ణా డెల్టాకు దుంప పూలు రావనుకుంటే పొరపాటు. శ్రీనగర్‌లో దుంపను లేపేది చలి అయితే, ఇక్కడ నీరు. అందుకే దసరా నుంచి సంక్రాంతి దాకా మన తోటపనిలో పెద్ద భాగం నీళ్ల లెక్కే. నిలిచిన నీటిని ఎటు పంపాలి, పెట్టే నీటిని ఎప్పుడు ఆపాలి అన్నది తెలిసినవాడి చేతిలోనే దుంప బతుకుతుంది.

ఈ విద్యను నేర్చుకోవాలంటే లిల్లీ మడి దగ్గరికి వెళ్లాలి. పెద్దవాళ్లు నేలసంపెంగ అంటారు. మెక్సికోలో పుట్టిన మొక్క, ఇవాళ అది లేని పెళ్లి దండ కనిపించదు. తెల్లవారకముందే కోసిన ఒంటిరెక్క పూలు దండలకు, ముద్ద పూల కాడలు వేదికల అలంకరణకు వెళ్తాయి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన రకాల్లో శృంగార్, ప్రజ్వల్ ఒంటిరెక్కవి, సువాసిని, వైభవ్ ముద్దవి.

లిల్లీ దుంప ఒక్కసారే పూస్తుంది. కాడ వేసి పూలిచ్చాక దాని పని అయిపోతుంది. కానీ అప్పటికే చుట్టూ పిలకలు పెట్టి ఉంటుంది, ఆ తర్వాతి పూలన్నీ వాటివే. ఒకసారి నాటిన మడిని మూడేళ్లు ఉంచుతారన్నా, ఆ మూడేళ్లూ పూసేది ఒకే దుంప కాదు. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే మిగతా పద్ధతులన్నీ ఎందుకో వాటంతటవే తెలుస్తాయి. మూడేళ్లు దాటితే పిలకలు ఒకదాన్నొకటి ఒరుసుకుని కాడలు పొట్టివైపోతాయి, కనుక గుబురు తవ్వి విడదీయాలి.

తవ్వడానికి ముందు నీళ్లు కట్టేయాలి. మార్గశిరం, పుష్యం నాటికి రాత్రులు చల్లబడి పూత తగ్గుతుంది, ఆకు పసుపు తిరుగుతుంది. అప్పుడు నేలను ఆరనిచ్చి గుబుర్లు లేపి, మట్టి దులిపి, వేళ్లు కత్తిరించి, నీడలో గాలి తగిలేలా పరుస్తారు. నాలుగు నుంచి ఆరు వారాల విశ్రాంతి కావాలి. తొందరపడి వెంటనే నాటితే మొలక ఒకేసారి రాదు. మధ్య మధ్యలో తిరగేయకపోతే అడుగున ఉన్నవి బూజు పడతాయి.

ఏరేటప్పుడు దుంపను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నొక్కి చూడండి. మెత్తగా దిగితే పక్కన పెట్టేయాలి. కదురులా మధ్యలో లావుగా, రెండు నుంచి మూడు సెంటీమీటర్ల మందం ఉండి, కింద వేళ్లు పుట్టే చోటు గట్టిగా ఉంటే అది ఈ ఏడే పూస్తుంది. అంతకన్నా సన్ననివి ముందు ఆకులోనే కాలం గడుపుతాయి.

మాఘ ఫాల్గుణాల్లోనో, తొలకరికో నాట్లు వేస్తారు. సాలుకు సాలుకు 30, దుంపకు దుంపకు 20 సెంటీమీటర్లు, లోతు అయిదారు సెంటీమీటర్లు. ఈ లెక్కన ఎకరానికి 60 వేలకు పైగా దుంపలు కావాలి, అందుకే సొంత విత్తనం ఉన్న రైతుకు పెట్టుబడిలో పెద్ద భాగం మిగులుతుంది. ఇక్కడి బరువైన నల్లమట్టిలో చదును మడి పనికిరాదు. బోదెలు కట్టి వాటి మీదే నాటాలి. అక్టోబరు, నవంబరు తుఫాను వానకు సాళ్లలో నీళ్లు నిలిస్తే కాండం మొదట్లో తెల్లటి బూజు అల్లుకుని మొక్క పక్కకు ఒరిగిపోతుంది. వాన వెలిసిన పూటే సాలు చివర గండి కొట్టినవాడికి తోట దక్కుతుంది. లంకల్లో కంద, పసుపు వేసే రైతులకు ఇవేమీ కొత్త కావు. దుంపను ఆరబెట్టడం, కన్ను చూసి ఏరడం వాళ్ల ఇళ్లలో పిల్లలకు కూడా వచ్చు. పూలసాగుకు వాళ్లనే ముందు పిలవాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

శరత్తులోనే దుంప నాటాలని ఉన్నవారికి గ్లాడియోలస్ ఉంది. అక్టోబరు, నవంబరులో పదిహేను రోజుల తేడాతో కొన్ని కొన్ని నాటితే, రకాన్ని బట్టి 60 నుంచి 90 రోజుల్లో కాడలు మొదలై మాఘమాసపు పెళ్లిళ్ల దాకా వస్తూనే ఉంటాయి. నాటే ముందు దుంప మీది ఎండు పొర ఒలిచి కన్ను చూసుకోవాలి. కాడ సగం ఎదిగాక మొదట్లోకి మట్టి ఎగదోయకపోతే గాలికి పడిపోతుంది.

ఇంటి ముందు కుండీల్లో పెంచే మే పువ్వు సంగతి వేరు. ఎర్రటి బంతిలా విచ్చుకునే ఈ పువ్వు ఆఫ్రికా నుంచి వచ్చింది. చలికాలంలో ఆకంతా ఎండి కుండీ ఖాళీగా కనిపిస్తుంది. చచ్చిపోయిందనుకుని రోజూ చెంబుడు నీళ్లు పోసేవాళ్లే దాన్ని నిజంగా చంపేది. కుండీని చూరు కిందికి జరిపి నీళ్లు మానేయండి. ఎండలు ముదిరి ఒక వాన పడగానే, ఆకు కంటే ముందు మొగ్గే మట్టిని చీల్చుకుని వస్తుంది. ఎర్ర లిల్లీ అనే వేరే దుంప మొక్కకు కూడా కార్తీకం దాటాక ఇదే ఎండకట్టు పెడితే మాఘం తర్వాత నిండుగా పూస్తుంది.

లిల్లీ గుబురు విడదీసినప్పుడు చిటికెన వేలంత పిలకలు బుట్టెడు మిగులుతాయి. వాటిని గట్టు మీద పారేయకండి. పశువుల ఎరువు కలిపిన ఒక చిన్న బోదె మీద దగ్గర దగ్గరగా వరుసలు వేసి ఏడాది పెంచితే, మరుసటి ఏడు నాటే దుంపలు అవే. పక్కింటివాళ్లు అడిగితే వాటిలోంచే ఓ గుప్పెడు పెట్టొచ్చు.