శంషాబాద్ గాలికి తగ్గ పాళ్లు

పాత ఎంజీ స్పోర్ట్స్ కారు బానెట్ ఎత్తితే పక్కపక్కనే రెండు ఎస్‌యూ కార్బురేటర్లు కనిపిస్తాయి. ఇంజిన్ మాత్రం మనకు కొత్త కాదు. 1955లో వచ్చిన ఎంజీఏలోని 1489 సీసీ బీఎంసీ ఇంజినే తర్వాత అంబాసిడర్‌లోకీ వచ్చింది. అంబాసిడర్ టాక్సీల మీద చెయ్యి తిరిగిన హైదరాబాద్ ఉస్తాద్‌లకు ఈ విదేశీ కారు లొంగేది అందుకే.

కిలో పెట్రోలు పూర్తిగా కాలాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఎస్‌యూలో ఆ పాళ్లను కార్బురేటర్ పిస్టన్ నుంచి జెట్‌లోకి వేలాడే ఒక సన్నని సూది చూసుకుంటుంది. యాక్సిలరేటర్ తొక్కితే పిస్టన్ లేస్తుంది, సూది సన్నని భాగం జెట్‌లోకి వస్తుంది, పెట్రోలు ఎక్కువ పారుతుంది. జెట్ అడుగున ఉన్న ఆరుపలకల నట్‌ను కిందికి దింపితే మిక్శ్చర్ రిచ్ (పెట్రోలు ఎక్కువ), పైకి తిప్పితే లీన్ (పెట్రోలు తక్కువ). ఒకసారికి ఒక్క పలకే తిప్పాలి.

అయితే ముందే ఆ నట్ జోలికి పోకూడదు. ట్యాపెట్లు, ప్లగ్గులు, టైమింగ్ సరిచూసి, ఇంజిన్ బాగా వేడెక్కనివ్వాలి. ఎయిర్ ఫిల్టర్లు తీసి, రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, రెండో కొస కార్బురేటర్ మూతి దగ్గర పెట్టి, రెండు కార్బురేటర్ల ‘హిస్’ శబ్దమూ ఒకేలా ఉండేట్టు చెయ్యాలి. అసలు విద్య ఇక్కడే ఉందని నా నమ్మకం. ఆ తర్వాత పిన్‌తో పిస్టన్‌ను మిల్లీమీటరు లోపు లేపాలి. ఇంజిన్ వేగం పెరిగి అలాగే ఉంటే రిచ్. ఆగిపోబోతే లీన్. కాస్త పెరిగి వెంటనే సర్దుకుంటే పాళ్లు కుదిరినట్టే. కాసేపు నడిపి ప్లగ్గు తీసి చూస్తే లేత గోధుమరంగులో ఉండాలి. మసి పడితే రిచ్, తెల్లబడితే లీన్.

శంషాబాద్ విమానాశ్రయం సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తులో ఉంది. విశాఖ తీరంతో పోలిస్తే ఇక్కడి గాలి సుమారు ఆరు శాతం పలచన. మే ఎండల్లో ఇంకా పలచబడుతుంది. విశాఖలో కుదిర్చిన కారు ఇక్కడికొస్తే కాస్త రిచ్ అవుతుంది. సెస్నా 152 లాంటి శిక్షణ విమానంలోనైతే పైకి వెళ్లేకొద్దీ పైలట్ ఎర్ర నాబ్‌తో మిక్శ్చర్ తగ్గించుకుంటాడు. కారులో ఆ సౌకర్యం లేదు, పానా పట్టాల్సిందే.

ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలు ఈ రిచ్‌కు ఎదురు లాగుతుంది. దాని కిలోకు చాలిన గాలి సుమారు 13.5 కిలోలే, కాబట్టి పాత సెట్టింగ్ లీన్ అవుతుంది. లీన్‌గా నడిస్తే ఎగ్జాస్ట్ వాల్వులు కాలిపోయే ప్రమాదం ఉంది. పాత రబ్బరు గొట్టాలకూ ఇథనాల్ చేటే. కంపెనీ పుస్తకంలోని కొలత ఇక మొదలుపెట్టడానికే పనికొస్తుంది. తేల్చాల్సింది చెవీ, ప్లగ్గూ.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక కొత్త బండ్లలో కార్బురేటర్ దాదాపు కనుమరుగైంది. షెడ్డులో చేరే కుర్రాళ్లకు ఈ పని నేర్చుకునే అవకాశమే రావడం లేదు. పాత కారున్న వాళ్లను కోరేది ఇదే: ట్యూనింగ్ చేయించినప్పుడు ఏ నెలలో, ఏ పెట్రోలుతో, నట్ ఎన్ని పలకలు తిప్పారో రాసిపెట్టుకోండి. తొందరపెట్టకుండా, ఆ గొట్టం ఒకసారి కుర్రాడి చెవికి కూడా పెట్టమని ఉస్తాద్‌ను అడగండి.