తమ్ముడైతే అన్నీ తెలిసినట్టేనా?

‘నేను పిటిషనర్‌కు స్వయానా తమ్ముణ్ణి, కనుక కేసు సంగతులన్నీ నాకు బాగా తెలుసు.’ కోర్టు బయట కూర్చునే టైపిస్టులు ఈ వాక్యాన్ని కళ్లు మూసుకుని కొట్టేస్తారు. తమ్ముడైతే సంగతులెలా తెలుస్తాయని ఎవరూ అడగరు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి ప్లీడరు అడుగుతాడు.

“అగ్రిమెంటు రాసుకున్ననాడు మీరక్కడ ఉన్నారా?”

“లేనండీ. అన్నయ్య చెప్పాడు.”

కేసు సగం అక్కడే జారిపోతుంది.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 19వ ఆర్డరు 3వ రూలు చెప్పేది ఒకటే: స్వయంగా తెలిసి, రుజువు చేయగల సంగతులకే అఫిడవిట్‌లో చోటు. స్టే, ఇంజంక్షన్ లాంటి మధ్యంతర పిటిషన్లకు కాస్త సడలింపు ఉంది. విన్నదీ నమ్మిందీ రాయొచ్చు, కానీ ఎందుకు నమ్ముతున్నారో చెప్పాలి. ‘మా బావ ఫోనులో చెప్పగా విని నమ్ముతున్నాను’ అని రాస్తే తప్పేం లేదు. అలా రాస్తే పిటిషన్ పలచబడుతుందేమోనని మనవాళ్లకు భయం. అన్ని పేరాలనూ ఒకే గాటన కట్టి ‘నాకు తెలిసినంతవరకు నిజం’ అని ముగిస్తారు.

అసలు చిక్కు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ)తోనే. కొడుకు అమెరికాలో, తండ్రి గుంటూరులో. “జీపీఏ ఉంది కదండీ, సంతకం నేనే పెడతాను” అంటారు పెద్దాయన. దావా వేయడానికి ఆ కాగితం చాలు. కొడుకు మనసులో మాటకు సాక్ష్యం చెప్పడానికి చాలదు. ఇండస్‌ఇండ్ బ్యాంకు కేసులో (2005) భార్యకు ఆస్తి కొనేంత సొంత సంపాదన ఉందా అన్నది ప్రశ్న. ఆమె బోనెక్కలేదు, జీపీఏ పట్టుకుని భర్త ఎక్కాడు. ఆమెకు మాత్రమే తెలిసినదాన్ని ఆయన చెబితే చెల్లదంది సుప్రీంకోర్టు. 2010లో మన్ కౌర్ కేసులో మాత్రం కిటికీ కొంచెం తెరిచింది: విదేశంలో ఉన్న బిడ్డ వ్యవహారాలన్నీ పూర్తిగా తల్లో తండ్రో నడుపుతుంటే, వాళ్ల సాక్ష్యాన్ని ఒప్పుకోవచ్చు. ‘పూర్తిగా’ నడుపుతున్నట్టు బ్యాంకు కాగితాలూ ఉత్తరాలూ చూపించగలగాలి మరి.

ప్లీడర్లు క్లయింటు బదులు ప్రమాణం చేయడం నాకు సుతరామూ నచ్చదు. ప్రమాణం చేసినవాడు సాక్షి. తాను సాక్షిగా నిలబడాల్సిన కేసు వాదించకూడదని బార్ కౌన్సిల్ నియమాలే అంటున్నాయి. ఒక్కచోట మాత్రం ప్లీడరే చేయాలి: కేసు పిలిచినప్పుడు తాను ఇంకో కోర్టులో ఇరుక్కుపోయి అది డిస్మిస్ అయితే. ఆ సంగతి క్లయింటుకేం తెలుస్తుంది?

ఇక అమెరికా అబ్బాయి అక్కడి మన కాన్సులేట్‌కు వెళ్లి ప్రమాణం చేసి, అఫిడవిట్ పంపొచ్చు. ప్రమాణం చేయించే అధికారం ఆ అధికారులకు 1948 చట్టమే ఇచ్చింది. చెబితే, “వాడికి సెలవు దొరకదండీ” అంటారు. దావా కోటిన్నర స్థలం మీద.