పాత్రకు తగిన నటుడు: మారియన్ డోహర్టీ కృషి – ఒక పరిశీలన

1. ప్రస్తావన

సినిమా చూసి బయటికి వచ్చాక నటుడు బాగా చేశాడనో, దర్శకుడు బాగా చేయించాడనో అంటాం. ఆ పాత్రకు ఆ నటుడైతే బాగుంటుందని మొదట అనుకున్నది ఎవరని మాత్రం అడగం. పాత్రధారుల ఎంపికను ప్రత్యేక వృత్తిగా చేపట్టినవారిని కాస్టింగ్ డైరెక్టర్లు అంటారు. వారి పని చాలావరకు చిత్రీకరణకు ముందే ముగుస్తుంది. తెర మీద దాని ఆనవాలు విడిగా కనిపించదు. అందుకే విమర్శకు అది చిక్కడం కష్టం.

ఈ పాఠంలో అమెరికాకు చెందిన మారియన్ డోహర్టీ (1923–2011) వృత్తి జీవితం ఆధారంగా ఒక ప్రశ్నను పరిశీలిద్దాం. పాత్రధారుల ఎంపిక కేవలం ఏర్పాట్లకు సంబంధించిన పనా, లేక రచనకు చేసే వ్యాఖ్యానమా? అది వ్యాఖ్యానమేనని నా అభిప్రాయం. దానికి ఆధారాలనూ, ఆ వాదానికున్న పరిమితులనూ మీ ముందుంచుతాను.

2. నేపథ్యం

హాలీవుడ్‌లో పెద్ద స్టూడియోల పెత్తనం సాగిన రోజుల్లో నటులు దీర్ఘకాలిక ఒప్పందాల కింద జీతానికి పనిచేసేవారు. కథ సిద్ధం కాగానే ఎంపిక విభాగం తన దగ్గరున్న జాబితా తీసేది. అందగాడైన నాయకుడు, గయ్యాళి అత్త, దొంగ, పోలీసు అంటూ ఒక్కొక్క మూసకు కొన్ని పేర్లుండేవి. వాటిలోంచి ఖాళీగా ఉన్నవారిని పంపేవారు.

అలంకారశాస్త్రంలో మీరు క్షేమేంద్రుడి ఔచిత్య సిద్ధాంతం చదివి ఉంటారు. ఏది ఎక్కడ తగునో అక్కడ ఉంటేనే కావ్యానికి శోభ. స్టూడియో పద్ధతి కూడా ఒకరకమైన ఔచిత్యాన్నే పాటించింది. కాని అది బాహ్య రూపానికి పరిమితమైన ఔచిత్యం. డోహర్టీ దాన్ని పాత్ర స్వభావం వైపు తిప్పారు. ఆమె కృషిలో మనం ప్రధానంగా గమనించవలసినది ఈ మార్పునే.

3. టెలివిజన్ నేర్పిన పని

పెన్సిల్వేనియాలో పుట్టిన డోహర్టీ న్యూయార్క్‌లో ‘క్రాఫ్ట్ టెలివిజన్ థియేటర్’ అనే కార్యక్రమంలో సహాయకురాలిగా ఈ రంగంలోకి వచ్చారు. కొంతకాలానికే ఎంపిక బాధ్యత ఆమె చేతికొచ్చింది. అది వారం వారం గంటసేపు ప్రత్యక్షంగా ప్రసారమయ్యే నాటకం. ప్రతి వారం కొత్త కథ, కొత్త పాత్రలు. పెద్ద తారలను పిలిచేంత డబ్బు లేదు, తప్పు జరిగితే మళ్లీ తీసే వీలూ లేదు. కాబట్టి పేరు లేకపోయినా పని వచ్చిన నటులను రంగస్థలం మీద వెతుక్కోవలసి వచ్చింది. జేమ్స్ డీన్ వంటివారు ఆ కార్యక్రమంలో కనిపించినది ఇలాంటి పరిస్థితుల్లోనే.

తర్వాత ఆమె ‘నేకెడ్ సిటీ’, ‘రూట్ 66’ ధారావాహికలకు పనిచేశారు. రాబర్ట్ డువాల్, రాబర్ట్ రెడ్‌ఫర్డ్ అప్పటికింకా కొత్తవారు. ఆ రెండు ధారావాహికల్లోనూ వాళ్లు నటించారు. డోహర్టీ నాటకాలు చూసి, నటులతో మాట్లాడి, ఒక్కొక్కరి గురించి చిన్న కార్డు మీద కొద్ది మాటల్లో రాసి పెట్టుకునేవారు. ‘ఇతను ఏ మూసకు సరిపోతాడు?’ అని కాక ‘ఇతనిలో ఏముంది?’ అని అడగడం ఆమె పద్ధతి.

4. రెండు ఉదాహరణలు

జాన్ ష్లెసింజర్ దర్శకత్వం వహించిన ‘మిడ్‌నైట్ కౌబాయ్’ (1969) మొదటి ఉదాహరణ. ఇందులో జో బక్ టెక్సస్ నుంచి న్యూయార్క్ వచ్చి, అక్కడి సంపన్న స్త్రీల వల్ల డబ్బు గడించవచ్చని కలలుగనే యువకుడు. ఈ పాత్రకు డోహర్టీ జాన్ వాయిట్ పేరును గట్టిగా సూచించారు. వాయిట్ టెక్సస్ వాడు కాదు, న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టినవాడు. అంతకుముందు ‘నేకెడ్ సిటీ’లో ఆమె ఇచ్చిన వేషంలో తాను తేలిపోయానని ఆయనే చెప్పుకున్నారు. అయినా ఆమె ఆయన్ను పక్కన పెట్టలేదు. జో బక్ వేసుకునేది కౌబాయ్ వేషమే తప్ప అతను నిజంగా కౌబాయ్ కాడు. ఆ వేషం వెనకున్న పసితనమే పాత్రకు ప్రాణం. వాయిట్ ముఖంలో ఆ పసితనం ఉంది. ఆ చిత్రం ఉత్తమ చిత్రంగా ఆస్కార్ పొందింది. వాయిట్, డస్టిన్ హాఫ్‌మన్ ఇద్దరూ ఉత్తమ నటుడి విభాగంలో పోటీకి నిలిచారు.

రెండోది రిచర్డ్ డానర్ దర్శకత్వం వహించిన ‘లీథల్ వెపన్’ (1987). పోలీసు అధికారి మర్టా పాత్ర ఏ జాతివాడో స్క్రిప్టులో లేదు. డోహర్టీ డానీ గ్లోవర్ పేరు సూచించారు. గ్లోవర్ నల్లజాతివాడు కదా అన్న సందేహం తనకు మొదట కలిగిందని, అది తనలోని పక్షపాతమని ఆ తర్వాత గ్రహించానని డానర్ చెప్పారు. ఇక్కడ స్క్రిప్టులో ఒక్క అక్షరం మారకముందే దాని అర్థం మారింది. భార్యాపిల్లలతో కుదురుగా బతికే ఒక నల్లజాతి కుటుంబం పోరాట చిత్రం నడిబొడ్డుకు వచ్చింది. రాసినవారు ఖాళీగా వదిలిన చోటును మనం అలవాటుగా ఒకే రంగుతో నింపుకుంటాం. ఆ అలవాటును ప్రశ్నించడం విమర్శకుడు చేసే పనే కదా!

5. పేరు కోసం పెనుగులాట

‘మిడ్‌నైట్ కౌబాయ్’ పేర్ల పట్టికలో డోహర్టీ పేరు లేదు. జార్జ్ రాయ్ హిల్ తీసిన ‘స్లాటర్‌హౌస్-ఫైవ్’ (1972)లో ఆమె పేరు తెర మీద విడిగా వచ్చింది. తర్వాత ఆమె పారమౌంట్‌లోనూ, 1999 వరకు వార్నర్ బ్రదర్స్‌లోనూ ఉన్నత పదవుల్లో పనిచేశారు. 1991లో ఆమెకు ప్రత్యేక ఆస్కార్ ఇవ్వాలని పలువురు ప్రముఖులు లేఖలు రాశారు. అది రాలేదు.

ఈ వృత్తివారిని ‘డైరెక్టర్’ అనడానికే దర్శకుల్లో కొందరు ఒప్పుకోలేదు. చివరి నిర్ణయం దర్శకుడిదే కాబట్టి ఘనత కూడా ఆయనదేనని వారి వాదం. ఈ తర్కాన్నే పాటిస్తే ఛాయాగ్రాహకుడికీ, ఎడిటర్‌కీ విడిగా గుర్తింపు ఉండకూడదు. వారికి బహుమతులున్నాయి. ఎక్కువమంది స్త్రీలు పనిచేసిన ఈ రంగానికే లేకపోవడం యాదృచ్ఛికమని నేననుకోను. అకాడమీలో ఈ వృత్తికి ప్రత్యేక శాఖ 2013లో గాని ఏర్పడలేదు. ఆస్కార్ బహుమతి 2025లో విడుదలైన చిత్రాలతో మొదలైంది. అప్పటికి డోహర్టీ మరణించి పద్నాలుగేళ్లు.

6. మదింపు

అన్యాయం జరిగిందని చెప్పినంత మాత్రాన విమర్శ పూర్తికాదు. మూడు జాగ్రత్తలు అవసరం. మొదటిది, డోహర్టీ గురించి మనకున్న ఆధారాలు ఎక్కువగా పేరు సంపాదించిన నటుల జ్ఞాపకాలే. ఆమె కాదన్నవారి మాట మనకు వినిపించదు. రెండోది, ఎంపికలో సందర్భం పాత్ర కూడా ఉంటుంది. జో బక్‌గా మొదట నిర్ణయమైన నటుడు మైకేల్ సరాజిన్. స్టూడియో ఒప్పందం అడ్డు రావడంతోనే వాయిట్‌కు దారి తెరుచుకుంది. మూడోది, పెద్ద స్టూడియోలో పనిచేసిన కాలంలో ఏ నిర్ణయం ఆమెదో, ఏది తారల గిరాకీని బట్టి జరిగిందో విడదీయడం తేలిక కాదు.

ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నా ఒక విషయం నిలుస్తుంది. తలుపు తెరిచినది సందర్భమే కావచ్చు. కాని ఆ సమయానికి వాయిట్ పేరు సిద్ధంగా ఉంచినది డోహర్టీ. పాత్రను లోతుగా చదివి, దానికి తగిన మనిషిని ముందే గుర్తించడం ఆమె పని. అది చదువరి చేసే పని, వ్యాఖ్యాత చేసే పని. కాబట్టి ఇకపై సినిమా సమీక్ష రాసేటప్పుడు ‘నటన బాగుంది’ అన్న వాక్యం దగ్గర ఆగకండి. ఆ నటుడి ఎంపిక పాత్రకు ఏ అర్థాన్ని చేర్చిందో కూడా రాయండి.

అభ్యాసం

మీకు బాగా తెలిసిన ఒక చిత్రంలో చిన్న పాత్ర ఒకటి తీసుకోండి. ఆ పాత్రను మరో నటుడు వేస్తే కథ అర్థం ఎలా మారుతుందో పదిహేను వాక్యాల్లో చర్చించండి.