జేబులో పట్టే శాస్త్రం

మానవశాస్త్రంలో పేరంతా సిద్ధాంతాలది. వాటిని నిలబెట్టేది మాత్రం పరిశోధకుల జేబులోని నోటుపుస్తకం. పగలు అందులో పడేవి పొడిమాటలే: ఎవరు ముందు కూర్చున్నారు, వడ్డన ఎవరితో మొదలైంది, ఏ ప్రశ్నకు ఎవరూ నోరు మెదపలేదు. మరుపు కమ్మకముందే, ఆ రాత్రికే వాటిని పూర్తి వాక్యాలుగా రాసుకోవాలి. విన్నది చెప్పినవాళ్ల మాటల్లోనే ఉండాలి, సొంత ఊహ విడిగా ఉండాలి. ఇక బంధుత్వ పటం గీయడం మరీ ముచ్చటైన పని. త్రిభుజం మగవారికి, వృత్తం ఆడవారికి, సమాన గుర్తు పెళ్లికి, చనిపోయినవారి మీద ఒక ఏటవాలు గీత. మన ఇంటిదే గీస్తే పెదనాన్న కొడుకు అన్న, మేనమామ కొడుకు బావ ఎందుకయ్యారో, పెళ్లి సంబంధం ఎటు కుదురుతుందో ఎటు కుదరదో ఒక్క కాగితం మీద కనబడుతుంది.

రాసేవారి ఇష్టాయిష్టాలు రాతలోకి రావా అంటే, వస్తాయి. ట్రోబ్రియాండ్ దీవుల్లో పనిచేసిన మానవశాస్త్రవేత్త మాలినోవ్‌స్కీ సొంత డైరీ 1967లో అచ్చయితే, స్థానికుల మీద ఆయన విసుగంతా బయటపడింది. అయినా తేదీ, చోటు, సందర్భం ఉన్న నోట్సును మరొకరు పరీక్షించగలరు. గుర్తున్నంత మేరకు చెప్పిన అభిప్రాయానికి ఆ వీలు లేదు. నోట్సు ఉంటే ఏళ్ల తర్వాత కూడా పోల్చి చూడవచ్చు: 1940లలో ఆదిలాబాద్ గోండుల మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ దశాబ్దాల తర్వాత మళ్లీ వచ్చి, వారి భూములు ఎలా చేజారాయో పాత స్థితితో పోల్చి రాశారు. ఈ శాస్త్రం కొత్తగా మొదలుపెట్టేవారు ముందు ఒక చిన్న నోటుపుస్తకం కొనుక్కోండి. సిద్ధాంతాలు తర్వాత చదువుకోవచ్చు.