కొలిచేవాణ్ని కొలిచిన కథ

విశ్వనాథ సత్యనారాయణ పేరెత్తితే మనకు ‘వేయిపడగలు’, ‘రామాయణ కల్పవృక్షం’ గుర్తొస్తాయి. ఆ పెద్ద పుస్తకాల చాటున ఉండిపోయిన చిన్న నవల ‘హాహాహూహూ’. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఒక ఉదయం గుర్రపు తల ఉన్న గంధర్వుడు పడి ఉంటాడు. అదేమి జీవమో అక్కడివాళ్లకు అంతుపట్టదు. బోనులో పెట్టి పరిశోధిస్తారు. అతను బోనును లెక్కచేయడు, తోచినప్పుడు అవలీలగా బయటికొస్తాడు, వాళ్లతో వాదనకు దిగుతాడు. భాగవతాన్ని ఒంటిమిట్ట రాముడితో ముడిపెట్టుకున్న కడప జిల్లాకు ఈ జాతి కొత్తది కాదు. ఆ భాగవతంలో గజేంద్రుడి కాలు పట్టిన మొసలి దేవలుడి శాపం తగిలిన హూహూ అనే గంధర్వుడే. పురాణంలోని ఆ గంధర్వజాతి జీవిని తెచ్చి ఆధునిక విజ్ఞానం ముందు నిలబెట్టడం విశ్వనాథ చేసిన పని. ఈ నవలను పాశ్చాత్యుల మీద కోపంగా మాత్రమే చదివితే దాని విలువ సగానికి పడిపోతుంది. చూసేవాణ్నీ చూడబడేవాణ్నీ తారుమారు చేసే పద్ధతిలో దాని అసలు బలం ఉంది. ఆ పద్ధతి మనకు ఇప్పటికీ అవసరం.

ఈ పద్ధతికి ప్రపంచంలో పెద్ద వంశమే ఉంది. 1726లో స్విఫ్ట్ గలివర్‌ను వివేకవంతమైన గుర్రాల దేశానికి పంపి, మనిషిని అక్కడ పశువుల వరసలో నిలబెట్టాడు. 1752లో వోల్టేర్ సిరియస్ నక్షత్రం నుంచి ఒక మహాకాయుణ్ని దించి భూలోక తత్వవేత్తలను చీమల్లా కనిపించేట్టు చేశాడు. 1895లో హెచ్.జి. వెల్స్ ఇంగ్లిష్ పల్లెకు ఒక దేవదూతను పంపితే, ఊరి మతగురువే పక్షి అనుకుని తుపాకితో కొట్టాడు. ‘హాహాహూహూ’లో యంత్రాల్లేవు కాబట్టి ఇది సైన్స్ ఫిక్షన్ ఎలా అవుతుందని అడిగేవాళ్లు వెల్స్ కథలోనూ యంత్రం లేదని గమనించాలి. రెండు కథల్లోనూ అసాధ్యమైన సంగతి ఒక్కటే. దాన్ని ఒప్పుకున్నాక మిగతాదంతా లోకం నడిచే తీరునే నడుస్తుంది. ఎదురుపడిన కొత్త జీవిని ముందు బంధించడం, ఆపైన ఏ తరగతిలో చేర్చాలో వెతకడం, అది నోరు తెరిచి మాట్లాడాక కూడా తమ కొలతనే నమ్మడం, ఇవన్నీ మనకు తెలిసిన సంస్థల అలవాట్లే. వ్యంగ్యం అక్కడ పుడుతుంది. బోను గంధర్వుణ్ని ఆపలేదు. బోను కట్టినవాళ్ల ఆలోచన ఎంత ఇరుకో మాత్రం చూపిస్తుంది.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పాఠకులకు ఈ కథ దగ్గరగా తగలడానికి కారణం చరిత్రలో ఉంది. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ధారాదత్తం చేశాక, థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉండి పొలాలు కొలిపించాడు, నేలలకు తరగతులు కట్టించాడు. ఆ తర్వాత కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కైఫీయతులు రాయించారు. లండన్ మనల్ని కొలిచి, రాసి, కాగితాల్లో పెట్టుకుంది. విశ్వనాథ కథలో లండన్ నడిబొడ్డునే కొలత ఎదురు తిరిగింది. ఇదంతా గడిచిపోయిన సంగతి కూడా కాదు. పులివెందుల దగ్గర తుమ్మలపల్లె యురేనియం గని చుట్టుపక్కల రైతులు తమ బోరు నీళ్ల గురించి ఒకటి చెప్తారు, సంస్థ మరొకటి చెప్తుంది. ఎవరి మాట కొలతగా చెల్లుతుంది, ఎవరి మాట ఫిర్యాదుగా మిగిలిపోతుంది అన్న ప్రశ్న ఆ బోను ముందు పుట్టిన ప్రశ్నే.

దీనికి గట్టి ఆక్షేపణ ఉంది. ఇలాంటి కథ విజ్ఞానం మీదే అనుమానం రేపుతుంది కదా అంటారు. జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్లు పెట్టిన క్యాంప్‌బెల్ ఆసుపత్రిని మరిచి ఈ నవల చదివితే ఆ ప్రమాదం నిజమే. ఆ వైద్యం ఈ సీమ ప్రజల ప్రాణాలు కాపాడింది. ఏ గంధర్వుడి వాదనా దాన్ని చెరపలేదు. బ్రౌన్ దొర కడపలో పండితులను పెట్టుకుని మన కావ్యాలను పరిష్కరింపజేసి నిలబెట్టాడు. వచ్చినవాళ్లంతా బోను పట్టుకుని రాలేదు. విశ్వనాథ ఈ తేడాను చాలినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం. అయినా తుమ్మలపల్లె రైతుకు విజ్ఞానం అక్కర్లేదని ఎవరూ అనరు. అతనికి కావలసింది తన మాటనూ విచారణలో చేర్చుకునే విజ్ఞానం. నవలలో గంధర్వుడికి దొరకనిది అదే.

రెండో ఆక్షేపణ ఇంకా లోతైనది. విశ్వనాథ సంప్రదాయవాది, వర్ణవ్యవస్థను సమర్థించినవాడు. అలాంటివాడి వ్యంగ్యం మనకెందుకు? పులివెందుల ప్రాంతపు పైడిపాలెంలో పుట్టి, 1968లో కడప నుంచి ‘సంవేదన’ పత్రిక నడిపిన రా.రా. సీమలో ఈ ప్రశ్నను తప్పించుకోలేం. పేరు చూసి తలవంచని విమర్శను ఆయన ఇక్కడ పాదుకొల్పాడు. మరోవైపు ప్రొద్దుటూరులో ‘శివతాండవం’ రాసిన పుట్టపర్తి నారాయణాచార్యులు విశ్వనాథ ‘ఏకవీర’ను మలయాళంలోకి తీసుకెళ్లాడు. ఒకే జిల్లాలో ఆ ఆదరమూ ఉంది, ఈ నిక్కచ్చితనమూ ఉంది. ‘హాహాహూహూ’ చదవడానికి రెండూ కావాలి. ఎందుకంటే ఈ పద్ధతి రాసినవాడి చేతిలో ఆగిపోయేది కాదు. గంధర్వుడి స్థానంలో ఊరి చివరి మాలపల్లె మనిషిని నిలబెట్టి, ట్రఫాల్గర్ స్క్వేర్ స్థానంలో అగ్రహారాన్ని పెట్టి చూడండి. ఎవరు ఏ తరగతో పుట్టుకతోనే తేల్చేసిన వ్యవస్థ కూడా అదే బోను కట్టింది, ఎదుటివాడు మాట్లాడినా వినలేదు. విశ్వనాథ ఆ కథ రాయలేదు. రాయడానికి కావలసిన పనిముట్టును మాత్రం, తాను ఉద్దేశించకపోయినా, మన చేతికిచ్చాడు.